ఆకుపచ్చ దారం కట్టిన సీసా

ఇన్‌స్పెక్టర్ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు బల్ల మీద టపీమని పడేశాడు. అందులో ఉన్న రాయిని చూడగానే నా ఎడమ డొక్క దానంతటదే కలుక్కుమంది.

అచ్చం అల్లం కొమ్ములా ఉంది. మధ్యలో బొటనవేలంత లావు, దానికి నాలుగు పక్కలా పిలకలు. ఇంతటి దాన్ని ఎవడో నడుములో మోసుకు తిరిగాడంటే వాడు మంచివాడా చెడ్డవాడా అన్నది తర్వాత, ముందు జాలి పడాలి. కిందటేడు నా మూత్రనాళంలో ఇరుక్కున్న రాయి కందిగింజంత. ఆ కందిగింజకే నేను నేల మీద పొర్లి పొర్లి పుట్టినరోజును తిట్టుకున్నాను.

"కాలిన కారులో దొరికిన శవానిది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పైనంతా బొగ్గయిపోయింది. లోపల కొంత మిగిలింది. ఎడమ మూత్రపిండంలో ఈ రాయి. కాంట్రాక్టరు పేరు మీదున్న స్కానింగ్ ఫిల్ములోనూ ఎడమ మూత్రపిండంలో ఇదే రాయి, ఇవే పిలకలు. వేలికి ఆయన ఉంగరం, కారు ఆయనది, పెట్రోలు డబ్బా మీద పెళ్ళాం వేలిముద్రలు. కేసు క్లోజ్!"

ఆ చివరి రెండు మాటలూ ఆయన ఊతపదం. డిపార్టుమెంటులో చాటున ఆయన్ని క్లోజ్ బాబు అంటారు. ఆయనకీ నాకూ ఎప్పట్నుంచో ఉప్పూ నిప్పూ. నేను ప్రైవేటు డిటెక్టివును, ఆయన మూసేసిన కేసులు రెండింటిని మళ్ళీ తెరిచాను, అదీ ఆయన కోపం.

"డీఎన్ఏ పరీక్ష?" అన్నాను.

"ఆయనకి పిల్లల్లేరు, తోడబుట్టినవాళ్ళు లేరు. దేనితో పోల్చాలో తేలి, రిపోర్టు వచ్చేసరికి నేను రిటైరవుతాను. అయినా గురూగారూ, రాయి కంటే గట్టి సాక్ష్యం ఇంకేం కావాలి?" తన జోకుకు తనే నవ్వుకున్నాడు. "సాయంత్రం ఆవిణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెడతాను. మాట్లాడేదుంటే ఇప్పుడే కానివ్వండి."

ఆవిడ అంటే నా చిన్ననాటి స్నేహితుడి చెల్లెలు. వాడు పోయాక ఆమెకు పుట్టింటి మనిషంటే నేనే. మొగుణ్ణి కారులో పెట్టి తగలబెట్టిందని ఇవాళ సాయంత్రం జైలుకు పంపుతారట. చీమను దాటుకుని నడిచే పిల్ల!

పక్క గదిలో బెంచీ మీద కూర్చుని ఉంది. కళ్ళలో నీళ్ళు లేవు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"అన్నయ్యా, నేను చంపలేదు. అది చెప్పీ చెప్పీ నా నోరు నాకే వింతగా ఉంది."

"తెలుసు. అడిగినవాటికి జవాబు చెప్పు చాలు. గొడవ దేనికి?"

"ఆయన కట్టిన హాలు పైకప్పు కూలింది కదా. మనుషులు పోయారు. వచ్చే వారం విచారణ. సిమెంటులో ఏం కలిపారో నాకు తెలుసన్నాను. ఆయన చెప్పకపోతే నేనే వెళ్ళి చెబుతానన్నాను. గట్టిగా అరుచుకున్నాం. వీధి వీధంతా విన్నది."

"పెట్రోలు డబ్బా?"

"జనరేటర్‌కని ఆయనే తెమ్మన్నాడు. తెచ్చి చేతికిచ్చాను."

"రాయి సంగతి?"

"ఎప్పట్నుంచో ఉంది. ఆపరేషను అంటే ఆయనకు ప్రాణం పోతుంది. మందులతో కరిగిపోతుందనేవాడు. ఈమధ్యే స్కానింగ్ తీయించుకొచ్చి ఆ ఫిల్ము ముందుగదిలో పెట్టాడు. వచ్చినవాళ్ళందరికీ లైటు కింద పట్టుకుని మరీ చూపించాడు."

"నువ్వు కూడా వెళ్ళావా స్కానింగుకు?"

"లేదు. నన్ను తీసుకెళ్ళలేదు."

"ఈమధ్య మనిషిలో ఏమైనా తేడా కనిపించిందా?"

"పోయిన నెల సైటు పనని నాలుగు రోజులు ఊరెళ్ళాడు. తిరిగొచ్చాక వేరే గదిలో పడక. మాటిమాటికీ బాత్రూం. ఒకసారి నీళ్ళు సరిగ్గా పోయలేదు, ఎర్రగా కనిపించింది. అడిగితే కసిరాడు. రాయి వల్లేమోనని ఊరుకున్నాను."

ఈ బాధలు నాకు కంఠతా వచ్చు. రాయి ఉన్నవాడు నొప్పి లేచినప్పుడు గిలగిల కొట్టుకుంటాడు, తగ్గాక మామూలు మనిషైపోతాడు. మాటిమాటికీ బాత్రూంకు పరుగెత్తేది, ఎర్రగా పోసేది, రాయి తీయించుకుని లోపల గొట్టం పెట్టించుకున్నవాడు. అంటే కాంట్రాక్టరు ఆపరేషను చేయించుకున్నాడు. కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పకుండా!

మరి తీయించుకున్న రాయి శవంలో ఎలా ఉంది?

"నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాలి," అన్నాను బయటికొచ్చి.

"నేనూ వస్తా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కవరు జేబులో పెట్టుకుంటూ. "మీరక్కడ సాక్ష్యం పుట్టిస్తుంటే పురుడు పోయడానికి ఒకరుండాలిగా."

కాంట్రాక్టరు ఇంటి మెట్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఒళ్ళో గొడుగు. మమ్మల్ని చూసి గబగబా లేచి కొంగు సర్దుకుంది. ఆ ఇంటి డ్రైవరు భార్యనని చెప్పింది.

"మా ఆయన ఫోను కలవడం లేదయ్యా. దూరపు సైటుకు పంపానని అయ్యగారు చెప్పారు. ఆ మర్నాడే ఇంత ఘోరం జరిగిపోయె. ఇప్పుడు ఎవర్నడగాలో తెలీడం లేదు."

"వస్తాడులే అమ్మా. సైటులో సిగ్నలుండదు. ఇంటికెళ్ళు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఒంట్లో బాగోని మనిషయ్యా. ఒకటే నడుం నొప్పి. అయ్యగారు మహానుభావులు, కారులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తనే డాక్టరుకు చూపించారు. ఎవరు చేస్తారు చెప్పండి ఈ రోజుల్లో?" కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అలాంటి ధర్మాత్ముణ్ణి కాల్చేసిన చేతులు పడిపోను."

ఆ మాటలు నా చెవిలో పడ్డాయి గానీ బుర్రలోకి దిగలేదు. నా ధ్యాసంతా కాంట్రాక్టరు గది మీదే ఉంది. వెయ్యిసార్లు తిట్టుకున్నాను తర్వాత.

గది తుడిచిపెట్టినట్టుంది. సొరుగుల్లో కాగితం ముక్క లేదు. మందుల బిళ్ళ లేదు. బాత్రూంలో చెత్తబుట్ట కూడా కడిగి బోర్లించారు. చావబోయే ముందు ఇంత శుభ్రంగా సర్దుకున్నవాణ్ణి నేను చూడలేదు. ఒక్క గోడ బీరువా మాత్రం నిండుగా ఉంది. ప్రారంభోత్సవాల్లో ఇచ్చిన షీల్డులు, ఇత్తడి కప్పులు, వాటి నిండా దుమ్ము. ఒక కప్పు మీద మాత్రం దుమ్ములో వేళ్ళ గుర్తులున్నాయి.

చేయి పెట్టాను. చిన్న ప్లాస్టిక్ సీసా తగిలింది. నీలం మూత. మెడకు ఆకుపచ్చ దారం, రెండు చుట్లు చుట్టి ముడివేసి ఉంది. లోపల పసుపు, బూడిద రంగు కలిసిన నలుసులు, నాలుగైదు బియ్యపు నూకలంత ముక్కలు.

నవ్వొచ్చింది నాకు, భయం కూడా వేసింది. నేను నా జేబులోంచి ఇంకో సీసా తీసి దాని పక్కన పెట్టాను. అదే నీలం మూత, అదే ఆకుపచ్చ దారం, అదే ముడి.

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. "ఇదేంటి?"

"నా రాయి."

"జేబులో పెట్టుకు తిరుగుతున్నారా?"

"ఆపరేషను చేసి రాయి సీసాలో పెట్టి ఇవ్వడం పక్క ఊళ్ళో రాళ్ళ డాక్టరు అలవాటు. ఆ దారం ముడి ఆయన చేతిది. ఇచ్చినదాన్ని పారేసేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. వచ్చినవాళ్ళకు చూపించి, ఇంతుండేది, అంత బాధపడ్డాను అని చెప్పుకోవద్దూ? కాంట్రాక్టరు కాగితాలన్నీ తగలేశాడు, మందులన్నీ పారేశాడు, దీన్ని మాత్రం పారేయలేకపోయాడు."

"బాగుంది. మీ దగ్గర ఒకటి ఉంటే రెండోది ఉండదా? ఇప్పుడే కప్పులో వేశారేమో!"

"ఆ మాట ఇంకోసారి అనండి," అన్నాను. ఒక అడుగు ముందుకేశాను కూడా. ఆయన వెనక్కి తగ్గలేదు. నేనే ఆగిపోయాను, నా మంచికే అనుకుంటాను, ఆయన నాకంటే రెండింతలుంటాడు.

"సరే, తీయించుకున్నాడే అనుకుందాం," అన్నాడు తాపీగా. "మనిషికి రాయి ఒక్కటే ఉండాలని చట్టం ఉందా? ఒకటి తీశారు, ఒకటి మిగిలింది. మిగిలింది నా జేబులో ఉంది. అప్పుడేమంటారు?"

నిజమే మరి!

"డాక్టర్ని అడుగుదాం రండి," అన్నాను చివరికి. "ఆయన కూడా మీ మాటే చెబితే మళ్ళీ మీ స్టేషను గడప తొక్కను."

ఇన్‌స్పెక్టర్ మొహం వెలిగిపోయింది. "అలా అయితే పదండి. జీపు నాది, పెట్రోలు కూడా నాదే."

డాక్టరు దగ్గరికి వెళ్తున్నామని విని డ్రైవరు భార్య జీపు దాకా వచ్చింది. "నడుం నొప్పుల డాక్టరా అయ్యా? అయ్యగారు మా ఆయన్ని అక్కడే చేర్పించారేమో. నన్నూ తీసుకెళ్ళండి, ఒక మూల కూర్చుంటాను." కాదనడానికి నాకు మనసు రాలేదు. దారి పొడుగునా ఆమె ఫోను నొక్కుతూనే ఉంది.

రాళ్ళ డాక్టరుకు ముందు పలకరింపు ఉండదు. "నీళ్ళు తాగుతున్నావా?" అంటాడు, అంతే. అవునని అబద్ధమాడి, డ్రైవరు భార్యను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఇన్‌స్పెక్టర్‌తో కలిసి లోపలికి వెళ్ళాను. తలుపుకు పరదా ఒక్కటే అడ్డం.

డాక్టరు ముందుగా ఇన్‌స్పెక్టర్ చేతిలోని కవరు అందుకుని వెలుగులో తిప్పి చూశాడు. చిన్నపిల్లాడు బొమ్మను చూసినట్టు చూశాడు.

"అబ్బ! జింకకొమ్ము రాయి. మూత్రపిండం లోపల గదులుంటాయి, అవన్నీ నిండిపోయేదాకా పెరుగుతుంది. దీన్ని తీయాలంటే వీపులోంచి రంధ్రం చేసుకుని మూత్రపిండంలోకి దిగాలి. పర్‌క్యుటేనియస్ నెఫ్రోలిథాటమీ అంటాం."

"ఆ పేరు పలికేలోపే రోగి ఇంటికెళ్ళిపోతాడు," అన్నాను.

"అందుకే పీసీఎన్ఎల్ అని పొట్టిగా పిలుస్తాం. ఈ రాయి అలా తీసింది కాదు, ఒక్క దెబ్బ కూడా తగల్లేదు దీనికి." తర్వాత సీసా తీసుకుని మెల్లిగా ఊపాడు. "ఇది వేరే. దారం నాదే, ముడీ నాదే. నాళంలో ఇరుక్కున్న రాయి. యురెటరోస్కోపీ చేసి, అంటే కింద మూత్రం వచ్చే దారిలోంచే సన్న దుర్భిణి పంపించి, లేజరుతో నలగ్గొట్టాను. లిథోట్రిప్సీ. లిథో అంటే రాయి. టమీ అంటే కోసి తీయడం, ట్రిప్సీ అంటే నలగ్గొట్టడం. కేసుల్లో మీ పోలీసులది ట్రిప్సీ, ఈ డిటెక్టివుది టమీ." పొట్ట కదిలేలా నవ్వాడు.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. "ఒకే మనిషిలో ఈ రెండు రాళ్ళూ ఉండొచ్చా డాక్టరుగారూ?"

"భేషుగ్గా ఉండొచ్చు."

"పైది వదిలేసి కిందది మాత్రం తీస్తారా?"

"తొందరైతే తీస్తాం. కిందది దారి మూసేస్తుంది కాబట్టి ముందు దాని పని పడతాం."

ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగాడు. "గురూగారూ, కేసు..."

"ఆగండి." ఆయన చంకలోని ఫైల్లోంచి కాంట్రాక్టరు ఫోటో లాగి డాక్టరు ముందు పెట్టాను. చెల్లెలు జైలుకు వెళ్ళడమా, ఇంటికి రావడమా అన్నది ఈ ముసలాయన నోట్లో ఉంది. "ఈ మనిషి తెలుసా?"

డాక్టరు కళ్ళద్దాలు పైకి జరిపాడు. "తెలియకేం? ఈ సీసా ఇతనిదే అయ్యుంటుంది, పోయిన నెలే చేశాను. కానీ ఇతని మూత్రపిండాల్లో రాయి లేదు. ఆపరేషనుకు ముందు స్కాను నేనే చూశాను, రెండూ అద్దంలా ఉన్నాయి. అంత పెద్ద రాయి నెల రోజుల్లో పెరగదు కూడా." ఫోటో తిరిగిచ్చాడు. "పాపం, డ్రైవరు."

"ఏమన్నారు?"

"డ్రైవరయ్యా. అతనే చెప్పాడు. పొద్దస్తమానం సీట్లో కూర్చుంటాం, నీళ్ళు తాగం, అందుకే రాయి పట్టిందని. ఫోటోలో మాత్రం దొరలా ఉన్నాడు."

డ్రైవరు భార్య మెట్ల మీద చెప్పిన మాటలు అప్పుడు, ఆ క్షణంలో, ఒక్కొక్కటిగా బుర్రలోకి దిగాయి. కారులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళిన ధర్మాత్ముడు! డ్రైవరు పేరు చెప్పి తన రాయి తీయించుకున్నాడు. తన పేరు చెప్పి డ్రైవరును స్కానింగ్ బల్ల మీద పడుకోబెట్టాడు. ఆ ఫిల్మునే ముందుగదిలో పెట్టి ఊరందరికీ చూపించాడు. రేపు శవంలో దొరకబోయే రాయిని ఇవాళే తనదని చెప్పి పెట్టుకున్నాడు. విచారణ తప్పుతుంది, నోరు విప్పుతానన్న పెళ్ళాం జైలుకు పోతుంది. ఒక్క అగ్గిపుల్లతో!

ఇన్‌స్పెక్టర్ మొహంలో నెత్తురు లేదు. జేబులో పెట్టబోయిన కవరు పెట్టకుండా అలాగే చేత్తో పట్టుకున్నాడు. మొదటిసారిగా నాకు ఆయన మీద కోపం రాలేదు.

"అంటే కాంట్రాక్టరు..." అన్నాడు. "బతికే ఉన్నాడు. ఎక్కడ?"

"ఎక్కడున్నా ఈయన దగ్గరికి రావాలి," అన్నాను. "లోపల గొట్టం ఉండిపోయింది. నాకు పెట్టారు, నాకు తెలుసు. డాక్టరుగారూ, అతనిది తీసేశారా?"

"డీజే స్టెంటా? ఎక్కడ! రెండు వారాల్లో రమ్మంటే రాలేదు. దాన్ని అలా వదిలేస్తే దాని మీదే మళ్ళీ రాయి కడుతుంది, చీము పడుతుంది. ఇవాళ పొద్దున్న ఫోను చేశాడు, చలిజ్వరం, వణుకు. ఇంకో రోజు ఆగితే చస్తావురా అని తిట్టాను. భయపడి వచ్చాడు."

"వచ్చాడా?"

"మీకంటే పది నిమిషాల ముందు. మూత్రం పరీక్షకు సీసా ఇచ్చి బాత్రూంకు పంపాను. దాని తలుపు ఆ వరండా చివర."

ఇన్‌స్పెక్టర్ చేయి నడుము దగ్గరి తుపాకీ మీదకు పోయింది. నేను పరదా వైపు తిరిగాను. పరదా అప్పటికే తొలగి ఉంది. డ్రైవరు భార్య అక్కడ నిలబడి ఉంది.

ఎంత విన్నదో, ఏ ముక్క విన్నదో తెలీదు. మొహం మాత్రం పెళ్ళికూతురి మొహంలా వెలిగిపోతోంది.

"డ్రైవరు వచ్చాడంటున్నారు. మా ఆయనేనా అయ్యా? ఇక్కడే ఉన్నాడా?"

"అమ్మా, ఆగు," అన్నాను.

ఆమె ఆగలేదు. నర్సును అడిగింది. నర్సుకు పాపం ఏం తెలుసు? "డ్రైవరుగారా? అదిగో, లోపలున్నారు," అని బాత్రూం తలుపు చూపించింది. ఆమె వరండాలో దాదాపు పరుగెత్తింది. తలుపు ముందు ఆగి జుట్టు సవరించుకుంది. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఏమండీ, నేనండీ," అంది తలుపుతో. "ఫోనెందుకు ఎత్తరు? ఎంత హడలిపోయానో తెలుసా?"

లోపల నీళ్ళు వదిలిన చప్పుడైంది. గడియ తీశారు.

కాంట్రాక్టరు బయటికొచ్చాడు. గడ్డం పెరిగి, కళ్ళు పీక్కుపోయి, ఒక చేయి ఎడమ డొక్క మీద, ఇంకో చేతిలో మూత్రం సీసా. ముందు ఆమెను చూశాడు, తర్వాత ఆమె భుజం మీంచి మమ్మల్ని చూశాడు. సీసా చేయి జారి పగిలింది. ఇన్‌స్పెక్టర్ తుపాకీ తీశాడు. చెల్లెలు బతికిపోయిందని నా లోపల ఎవరో అరిచారు, కానీ ఆ సంతోషం నా నోటిదాకా రాలేదు.

ఎందుకంటే డ్రైవరు భార్య కేక పెట్టలేదు. చచ్చినవాడు ఎదురుగా నిలబడ్డా బెదరలేదు. అతన్ని పక్కకు జరిపి, బాత్రూంలోకి తొంగిచూసింది. తలుపు వెనక కూడా చూసింది. ఎవరూ లేరు.

"మీరు బతికే ఉన్నారా అయ్యగారూ! మంచిదే," అంది. "మరి మా ఆయనేడీ?"

కాంట్రాక్టరు కళ్ళు ఇన్‌స్పెక్టర్ ఎడమ చేతి మీదకు, అందులోని ప్లాస్టిక్ కవరు మీదకు పోయాయి. ఆమె కూడా అటే చూసింది. ఇన్‌స్పెక్టర్ ఆ కవరును వీపు వెనక దాచుకున్నాడు, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.